తేమ

అరవై కిలోల విభాగం.
పేరు షేక్ మీరావలి, వయసు పందొమ్మిది,
ఊరు గుంటూరు, సంగడిగుంట.
ఇంతవరకూ ఫారం గబగబా నిండింది.
ఆ కింద ఒక గడి:
జాతీయ శిబిరానికి సిద్ధమేనా?
అవును. కాదు.
ఆ రెండు మాటల మధ్య నా పెన్ను
మూడు రోజులుగా కాపలా కాస్తోంది.

ముందు వాడి ఎడమచెయ్యి సంగతి.
పాత జిన్నింగు మిల్లు రేకుల కింద
ముప్పై ఏళ్ళుగా కుర్రాళ్ళ చేతులు చూస్తున్నాను,
ఇంత పొదుపైన జాబ్ చూడలేదు.
చిల్లర లెక్కపెట్టినట్టు టక్, టక్,
ఎదుటివాడి నుదుటిమీద పెట్టి
చెయ్యి వెనక్కి తెచ్చేసుకుంటాడు.
ఒక్క పైసా అక్కడ వదలడు.

రెప్ప వెయ్యడు.
గ్లవ్ ముక్కుదాకా వచ్చినా వెయ్యడు.
అది నేను నేర్పింది కాదు.
యార్డులో తేజ బస్తాలు దిగే రోజుల్లో
నాన్న క్యారేజీ పట్టుకుని
ఆ ఘాటులో నిలబడ్డ పిల్లాడు.
నులుముకుంటే ఇంకా మండుతుందని
ఐదో ఏటే తెలుసుకున్న కళ్ళు.

కాళ్ళు: బాగున్నాయి.
రాసి, కొట్టేశాను.
కుడివైపు తిరిగేటప్పుడు మడమ నేలకి ఆనుతోంది.
గుంటూరులో ఎవరికీ కనపడదు.
హర్యానా కుర్రాడికి అరనిమిషంలో కనపడుద్ది.
ఎడమ హుక్ వేసినప్పుడల్లా
కుడిచెయ్యి గడ్డం వదిలి జారిపోద్ది,
బస్సులో నిద్రపోయేవాడి భుజమ్మీంచి
తువ్వాలు జారినట్టు.

ఇవన్నీ దిద్దొచ్చు. అసలు సంగతి మొన్న ఆదివారంది.
బెజవాడ నుంచి కావాలనే
ఏడు కిలోలు బరువెక్కువ వాణ్ణి పిలిపించాను.
మూడో రౌండులో డొక్కలో పడింది మావాడికి.
నోరు తెరిచాడు, చేతులు దించలేదు.
తిరిగి కొట్టాడు. అవతలివాడి మోకాలు మడిచింది.
అప్పుడు ఆగాడు.
ఆగి నా మొహం చూశాడు,
ఇంకా కొట్టాలా మాస్టారూ అన్నట్టు.

అరక్షణం.
దాన్ని ఏ గడిలో రాయను?
వేగానికి పది మార్కులు, దమ్ముకి పది.
దీనికి ఫారంలో చోటే పెట్టలేదు ఎవరూ.

నా ఫారం మా గురువు ఒక్క నిమిషంలో నింపేశాడు.
ప్రేమ. అవును అని పెద్దక్షరాలతో రాశాడు.
ఇరవై ఏళ్ళవాణ్ణి, కలకత్తా రైలెక్కాను.
ఎడమ చెవి అక్కడే ఉండిపోయింది.
ఇప్పటికీ ఆ పక్కనుంచి ఎవరన్నా పిలిస్తే
కృష్ణ వంతెన మీద గూడ్సు పోతున్న మోత తప్ప
నా పేరు వినపడదు.

పొద్దున యార్డుకెళ్ళాను.
మౌలాలి బస్తా దించి, చెమట తుడుచుకుని,
అడిగింది విన్నాడో లేదో,
పక్క బస్తాలోంచి గుప్పెడు కాయ తీశాడు.
"పైకి ఎట్టా నిగనిగలాడుతుందో చూడండి.
చెవికాడ ఆడించండి."
కుడిచెవి దగ్గర ఆడించాను. గింజ పలకలేదు.
"తేముంది. ఇయ్యాళే మూట కడితే
లోపల్లోపలే నల్లబడుద్ది. ఆ రైతుకి తొందర."
"మరి మీవాడి సంగతి?"
"మావాడా? నాకేం తెలుసు ఇజ్రాయేలు మాస్టారూ,
మీరు కదా చెప్పాల్సింది."
ఇంకో బస్తాకి వీపు వంచాడు.

సాయంత్రం రాశాను: ఇప్పుడు కాదు.
బల్లకవతల వాడు చేతికట్లు విప్పుకుంటూ
తలకిందులుగా చదివేశాడు.
కాసేపు గుడ్డ చుట్టలు విడిపోతున్న చప్పుడే.
తర్వాత, గొంతు కొంచెం జీరపోయి,
"'ఇప్పుడు' కింద గీత గియ్యండి" అన్నాడు.

గీశాను. కాగితం కాస్త చిరిగింది.
అప్పటికే తాడందుకున్నాడు.
రేకుల కింద దుమ్ము లేస్తోంది.
ఎడమవైపు, బాగుంది.
కుడివైపు
మడమ, ఒరేయ్, మడమ.